చలికోటు అక్కర్లేని దేశం

చిలకకు దీవుల పిచ్చి పట్టించింది వాళ్ళ నాన్నే.

ఆ పిల్లకు అసలు పేరు వేరే ఉంది గాని, మాటలు వచ్చిన నాటి నుంచీ నోరు మూసింది లేదు కనుక ఇంటా బయటా చిలకే అయిపోయింది. ఎనిమిదేళ్ళది. ముక్కు మీద కళ్ళజోడు, పై వరసలో ఒక పన్ను ఖాళీ. తల్లిదండ్రులు విడిపోయి రెండేళ్ళయింది. వారమంతా తల్లి దగ్గర, శని ఆదివారాలు తండ్రి దగ్గర అని కోర్టు పంచింది. ఆ పంపకానికి అందరికన్నా ముందు సర్దుకున్నది చిలకే. రెండు ఇళ్ళు, రెండు దుప్పట్లు, రెండు పళ్ళ బ్రష్షులు, ఒకటే నోరు.

తండ్రి ఏసీ మెకానిక్. తల్లి కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుంది. అద్దాలను ఫ్రేముకు తగ్గట్టు అరగదీసి బిగించడం ఆమె పని. వాళ్ళు కొట్టుకుని, తిట్టుకుని విడిపోయినవాళ్ళు కారు. మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకరోజు చూసుకుంటే ఇంట్లో మాట్లాడేది చిలక ఒక్కతే అని తేలింది. అందుకే విడిపోయాక కూడా ఎదురుపడితే పలకరించుకునేవారు. ఆదివారం సాయంత్రం పిల్లను దింపడానికి వచ్చినప్పుడు అతను మూడంతస్తుల మెట్లూ ఎక్కి, గుమ్మంలోనే ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి వెళ్ళేవాడు.

ఆ చలికాలం మాత్రం అతను గుమ్మం దాటి లోపలికి రావడం మొదలుపెట్టాడు. వంటగదిలో బల్ల ముందు కూర్చుని ఫోన్లో ఫొటోలు చూపించేవాడు. ఎక్కడో దూరాన, ఏడాది పొడుగునా ఎండ కాసే దేశం. దేశమంతా దీవులే. అవి ఎన్ని అన్నది ఇంతవరకు ఎవరూ సరిగ్గా తేల్చలేదట. సముద్రం పొంగితే కొన్ని మునుగుతాయి, తీస్తే మళ్ళీ తేలతాయి.

"మునిగినప్పుడు అక్కడివాళ్ళేం చేస్తారు?" చిలక అడిగింది.

"అలాంటి వాటిమీద మనుషులుండరు. పీతలుంటాయంతే."

"మరి పీతలేం చేస్తాయి?"

"పక్క దీవిలో చుట్టాలింటికి పోతాయి."

చిలక పడీపడీ నవ్వింది. తల్లి కూడా నవ్వింది. పొయ్యి దగ్గర నిలబడి, చాలా కాలానికి ఈ వంటగదిలో ముగ్గురి గొంతులూ వినిపిస్తున్నాయని అనుకుంది.

బడి సెలవుల్లో పది రోజులు పిల్లను అక్కడికి తీసుకెళ్తానన్నాడు. ఆమెకు అభ్యంతరం లేకపోయింది. అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది. పిల్ల పాస్‌పోర్టు బీరువాలోంచి తీసి ఇచ్చింది. ఏ దీవిలో దిగాలి, ఏ దీవికి పడవ ఎక్కాలి, పడవలో వాంతులయితే ఏం చెయ్యాలి అన్న చర్చల్లో తనూ కలిసింది. నీళ్ళలో మునిగి చేపలను చూడాలంటే చిలకకు మామూలు ముసుగు పనికిరాదు, కళ్ళజోడు లేనిదే ఆ పిల్లకు చేపకూ చెప్పుకూ తేడా తెలియదు. "నువ్వు ముసుగు కొనుక్కురా. దానికి పవరున్న అద్దాలు నేను బిగించి ఇస్తాను" అంది. అతను ఆమె వంక ఒక్క క్షణం అదోలా చూసి, "సరే" అని తల దించుకున్నాడు. సంతోషం పట్టలేక అలా చూశాడనుకుంది.

ఆ తర్వాత ఒక ఉదయం చిలక బడికి బయల్దేరుతోంది. బయట మంచు. తల్లి కోటు తొడుగుతుంటే చేతులు పొట్టయ్యాయి.

"వచ్చే జీతానికి కొత్తది కొందాంలే."

"కొత్తదెందుకు? దీన్నే ఎవరికైనా ఇచ్చేద్దామన్నాడు నాన్న. ఇంక నాకు కోటుతో పనే లేదట. అక్కడ చలికాలమన్నదే రాదట."

తల్లి గుండీ పెడుతున్న చెయ్యి ఆగింది. "నువ్వు వెళ్ళేది పది రోజులకే కదే. తిరిగొచ్చాక చలెయ్యదా?"

చిలక ఆలోచించింది. మాట కోసం వెతుక్కోవడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక లేదు. "ఏమో. నాన్ననడుగు" అని బూటు లేసు కట్టుకోవడానికి వంగింది.

తాడును చూసి పామనుకుంటున్నానని ఆ రోజంతా ఆమె తనకు తాను చెప్పుకుంది. మగవాళ్ళకు కోట్ల సంగతేం తెలుసు? నోటికొచ్చింది అనేసి ఉంటాడు. షాపులో అద్దం అరగదీస్తూ కూడా అదే ఆలోచన. చిన్న పెంకు ఎగిరి వేలికి గీరుకుంది.

అనుమానానికి అక్కడితో నీళ్ళు వదిలేసేదే, కాని రెండు రోజులకు పైపుల బాబాయి షాపుకొచ్చాడు. అతను ప్లంబరు. చిలక తండ్రికి పనిలో జోడీ, ఆ పేరు చిలక పెట్టిందే. దగ్గర చూపుకి జోడు కావాలన్నాడు. అద్దంలో ముఖం చూసుకుంటూ మాటల్లో మాటగా అన్నాడు.

"అన్నయ్యకి ఎంత పెద్ద మనసు వదినా! సామానంతా నాకే ఇచ్చేశాడు. గ్యాసు పట్టే పంపు, మీటర్లు, డ్రిల్లు, ఆఖరికి నిచ్చెనతో సహా."

"ఇచ్చేశాడా? మరి ఆయనకి పనికి?"

"నేనూ అదే అడిగా. నవ్వి ఊరుకున్నాడు. కొత్తవి కొంటాడేమోలెండి." అద్దం పక్కకు తిప్పి, "ఈ ఫ్రేములో కాస్త చదువుకున్నవాడిలా ఉన్నానా?" అన్నాడు.

ఆమె అతనికి ఏం జవాబు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఆ నిచ్చెన చిలక తండ్రి తన మొదటి సంపాదనతో కొన్నది. కాపురం చేసిన రోజుల్లో దాన్ని బయట వానలో వదిలితే పిల్లను వానలో వదిలినంత గొడవ చేసేవాడు. సాయంత్రం ఫోన్ చేసి అడిగింది.

"పాత సామాను. బరువు తగ్గించుకుంటున్నా" అన్నాడు.

"ఏం బరువు?"

"ఊరికే అన్నాను. మాటకి మాట అడగాలా? నువ్వెప్పుడూ ఇంతే" అని, వెంటనే గొంతు తగ్గించి, "చిలక అన్నం తిందా?" అని అడిగాడు.

మర్నాడు మధ్యాహ్నం షాపు యజమాని భోజనానికి వెళ్ళిన వేళ అత్తయ్య వచ్చింది. రెండేళ్ళుగా ఆవిడ ఈ వీధిలో అడుగుపెట్టలేదు. విడాకులప్పుడు కోడలితో ఆఖరుగా ఒక్కమాట అంది: "మీ ఇద్దరికీ బుద్ధి లేదు." అంతే, మళ్ళీ మాటల్లేవు. ఇప్పుడు గాజుబల్ల మీద తన కళ్ళజోడు పెట్టింది.

"ముక్కు మీద నిలవడం లేదు."

కోడలు తిప్పి చూసింది. "బాగానే ఉందత్తయ్యా."

"బాగానే ఉందని నాకూ తెలుసు. బిగించు. బిగిస్తూ విను." ఆవిడ వీధి వైపు ఒకసారి చూసింది. "పిల్లని వాడితో పంపకు."

కోడలి చేతిలోంచి బుల్లి స్క్రూడ్రైవరు జారింది.

"వాడక్కడ ఉద్యోగం చూసుకున్నాడు. ఆ దీవుల్లో ఏదో పెద్ద హోటలట. ఏసీలన్నీ వాడే చూసుకోవాలి. ఉండడానికి గది వాళ్ళే ఇస్తారు. పక్క దీవిలో బడి ఉందట, పిల్ల రోజూ పడవలో వెళ్ళి రావాలట. పది రోజులూ లేదు, పాడూ లేదు. తీసుకెళ్ళి ఉండిపోతాడు."

"మీకెవరు చెప్పారు?"

"వాడే. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని మరీ చెప్పాడు. వేశాను, తప్పాను. అది నాకూ నా కొడుక్కీ మధ్య."

"ఎందుకత్తయ్యా? నేనెప్పుడైనా పిల్లని చూడొద్దన్నానా? అడ్డం పడ్డానా?"

"వారానికి రెండు రోజుల నాన్నగా బతకలేనంటాడు. ఆదివారం పిల్లని నీ దగ్గర దింపి వచ్చాక వాడికి ముద్ద దిగదు. ఆ ముఖం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది, నేను కన్నవాడేగా. అయినా నీ కడుపు కొట్టి వాడి కడుపు నింపమంటే నా వల్ల కాదు." ఆవిడ కళ్ళజోడు తీసి పెట్టుకుంది. "వాడు చెడ్డవాడైతే నాకింత భయం ఉండకపోను. తాగుబోతయితే పిల్ల ఏడుస్తుంది, నలుగురూ ఆపుతారు. వీడు ముద్దు చేస్తూ తీసుకెళ్తాడు. అది నవ్వుతూ వెళ్ళిపోతుంది. ఎవరాపుతారు?"

అప్పటిదాకా అనుమానంగా ఉన్నది ఆ మాటతో భయంగా మారింది. ఈ భయానికి ఆకారం ఉంది. నవ్వుతూ పోతున్న చిలక వీపు, వీపున సంచీ. ఆ తర్వాత లెక్క తెలియని దీవులు.

ఆమె విడాకుల కేసు చూసిన లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది. లాయరమ్మ అంతా విని, "ముందు పాస్‌పోర్టు చేతికి తెచ్చుకోండి" అంది. "అనుమతి రద్దు చేయిద్దాం, మంగళవారం కోర్టుకి రండి. అప్పటిదాకా మీకు తెలిసిన సంగతి అతనికి తెలియనివ్వకండి. తెలిసిందా, తొందరపడతాడు."

తెలియనివ్వకుండా ఉండడం లాయరమ్మ చెప్పినంత సులువు కాదు. శనివారం ఉదయం అతని అడుగులు మెట్ల మీద వినిపించగానే ఆమె వెళ్ళి తలుపు తీసింది. అతను గుమ్మంలో నవ్వుతూ ఒక సంచీ అందించాడు. అందులో నీలం రంగు ముసుగు, నీళ్ళలో పెట్టుకునేది.

"అద్దాలు బిగిస్తానన్నావుగా."

"బిగిస్తా." ముసుగును అటూ ఇటూ తిప్పింది. రబ్బరు వాసన. "అవునూ, చిలక పాస్‌పోర్టు ఒకసారి కావాలి. బళ్ళో అడిగారు."

"బళ్ళో ఎందుకు?"

"ఏదో నమోదుకి."

"ఏజెంటు దగ్గరుంది. వీసా పని." అతను చూపు తిప్పుకున్నాడు. ఆ మెట్లు రోజుకు పది సార్లు ఎక్కినా చెమట పట్టని మనిషి, నుదురు తుడుచుకున్నాడు. "చిలకేది? తయారైందా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పంపితే తిరిగి వస్తుందో రాదో తెలియదు. పంపకపోతే అతనికి తెలిసిపోతుంది. రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట బయటికి తీసింది.

"దానికి ఒళ్ళు వెచ్చబడింది. రాత్రి నుంచి జ్వరం. ఈ వారానికి వద్దులే."

లోపలి నుంచి చిలక సాక్సులతో జారుకుంటూ వచ్చింది. "నాకెక్కడుంది జ్వరం? నాన్నా, చెయ్యి పెట్టి చూడు. నాకేం లేదు. అమ్మే పొద్దున్నించి నా నుదురు మీద చెయ్యేసి, జ్వరం జ్వరం అంటోంది."

ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదని ఇద్దరికీ తెలుసు. అతను వంగి కూతురి నుదుటి మీద చెయ్యి వేశాడు. చెయ్యి అక్కడే ఉంచి, తలెత్తి ఆమెను చూశాడు. ఎంతోసేపు కాదు. కాని ఆ చూపులో ఆమెకు ఏమేం తెలుసో అంతా చదువుకున్నాడని ఆమెకు అర్థమైంది.

గొడవ చేస్తాడనుకుంది. అరిస్తే బాగుండుననిపించింది. అరిస్తే పక్కవాటా వాళ్ళయినా వస్తారు.

"కొంచెం వెచ్చగానే ఉంది" అన్నాడతను నెమ్మదిగా. "అమ్మ చెప్పినట్టు విని పడుకో. వచ్చే వారం వస్తా." కూతురి తల మీద ముద్దు పెట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

ఆదివారం సాయంత్రం చిలక కిటికీ దగ్గర నుంచి కేకేసింది. "నాన్న! అదుగో, నాన్న!" తల్లి పరుగున వచ్చి చూసింది. అవతలి పక్క బస్సు ఆగేచోట అతను నిలబడి ఉన్నాడు. చలికి చేతులు జేబుల్లో పెట్టుకుని కిటికీ వంకే చూస్తున్నాడు. చిలక చెయ్యి ఊపింది. అతనూ ఊపాడు. పైకి రాలేదు, పిలవలేదు. ఒక బస్సు వచ్చి మధ్యలో అడ్డంగా ఆగింది. అది కదిలేసరికి అక్కడ ఎవరూ లేరు. తల్లి తలుపు గడియ మళ్ళీ సరిచూసి, దానికి కుర్చీ అడ్డం పెట్టింది.

"ఎందుకమ్మా కుర్చీ?"

"గాలికి కొట్టుకుంటోంది."

"గడియ వేశాక ఎలా కొట్టుకుంటుంది?" అంది చిలక.

సోమవారం పిల్లను బడి లోపలిదాకా తీసుకెళ్ళి, తరగతిలో కూర్చునేవరకు చూసి షాపుకు వెళ్ళింది. రేపు మంగళవారం. రేపటితో అనుమతి రద్దవుతుంది. ఈ ఒక్కరోజు గడిస్తే చాలనుకుంది. సాయంత్రం బడి విడిచే వేళకు ముందే గేటు దగ్గర నిలబడింది. పిల్లలు పరుగులతో, అరుపులతో బయటికి వచ్చారు. గేటు ఖాళీ అయింది. చిలక రాలేదు.

టీచరు తాళాల గుత్తితో బయటికి వస్తూ ఈమెను చూసి ఆగింది. "మీరేంటి ఇక్కడ? వాళ్ళ నాన్నగారు మధ్యాహ్నమే తీసుకెళ్ళారుగా. పంటి డాక్టరు దగ్గరికన్నారు."

ఆమె గేటు ఊచ పట్టుకుంది. ఇనుము చల్లదనం చేతుల్లోంచి మోచేతుల దాకా పాకింది. "ఎంతసేపయింది?"

"భోజనాల బెల్లప్పుడు. ఏమైందండీ? నాన్నగారే కదా అని..."

"నాన్నగారే" అంది ఆమె.

అతని ఫోన్ మోగలేదు. ఆపేసి ఉంది. లాయరమ్మకు చేసింది. "మీరు వెంటనే ఎయిర్‌పోర్టుకి వెళ్ళండి. అక్కడి పోలీసులతో నేను మాట్లాడతా. టాక్సీ ఎక్కండి, ముందు టాక్సీ ఎక్కండి" అందావిడ. టాక్సీలో కూర్చుని అత్తయ్యకు చేసింది.

"అత్తయ్యా, ఏ విమానమో మీకు తెలుసా?"

అవతలి నుంచి ఆవిడ గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "పొద్దున్న వచ్చాడమ్మా. నా మంచం దగ్గర కింద కూచుని టీ తాగాడు. ఎప్పుడూ అలా కూచోడు. చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకునే కూచున్నాడు. అది సెలవు తీసుకోవడమని నాకు తట్టనే లేదు." ఆగి అంది, "మా వీధి చివర నిలబడతాను. నన్ను ఎక్కించుకో."

దారిలో డ్రైవరు అద్దంలోంచి ఇద్దరినీ చూశాడు. సామాన్లేమీ లేవు. "ఎవర్నన్నా పంపించడానికా అమ్మా, తీసుకురావడానికా?"

"తీసుకురావడానికే బాబూ" అంది అత్తయ్య. "తొందరగా పోనియ్యి."

ఎర్రలైటు పడిన ప్రతిచోటా ఆమెకు ప్రాణం పోయి వచ్చింది. కళ్ళు మూసుకుంటే అతని ఫోన్లో చూసిన ఫొటోలే. నీలం నీళ్ళు, తెల్ల ఇసుక, చెదురుమదురుగా ఆకుపచ్చ చుక్కలు. ఎంత అందంగా కనిపించాయప్పుడు! ఇప్పుడు ఒక్కొక్క చుక్కలోనూ చిలకను దాచిపెట్టినట్టు ఉంది. ఏ చుక్క దగ్గర మొదలుపెట్టాలి? ఏ పడవ ఎక్కాలి? మునిగిపోయే దీవి మీద నిలబడి "అమ్మా" అని అరిస్తే ఎవరికి వినిపిస్తుంది? తన శనివారం అబద్ధమే అతన్ని తొందరపెట్టింది. జ్వరం అనకపోతే, నవ్వుతూ పంపించి ఉంటే... పంపించి ఉంటే మాత్రం? ఎటు తిప్పినా ఆలోచన అడకత్తెరలో పోకచెక్కే.

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి.

విమానాశ్రయం హాలులో అడుగుపెట్టేసరికి జనం, పెట్టెలు, చక్రాల చప్పుడు. పోలీసుల బల్ల దగ్గర ఒక ఆఫీసరు అప్పుడే లాయరమ్మతో ఫోన్ పెట్టేసినట్టున్నాడు. అతను కంప్యూటర్లో చూసి అన్నాడు. "ఇద్దరి పేర్లూ ఉన్నాయమ్మా. పెట్టెలు కూడా వేశారు. విమానం ఎక్కించుకుంటున్నారు. లోపలికి వెళ్ళారో లేదో చూడాలి, రండి."

అతను నడుస్తున్నాడు, ఆమె పరుగెత్తుతోంది. ఇంతలో పైనున్న స్పీకర్లో ఆడగొంతు రెండు పేర్లు చదివింది. ఇదే ఆఖరి పిలుపు, వెంటనే రావాలి అంది. మొదటి పేరు అతనిది. రెండోది చిలక అసలు పేరు. బడి హాజరులో తప్ప ఎక్కడా వినిపించని ఆ పేరు అంత పెద్ద హాలులో మోగుతుంటే, పిల్ల అప్పుడే పరాయిదైపోయినట్టు అనిపించి ఆమె ఉన్నచోటే ఆగిపోయింది.

అప్పుడే వినిపించింది.

"నా పేరు! నాన్నా, నా పేరు చదివారు! అమ్మ పేరెందుకు చదవలేదు?"

తనిఖీ వరసకు ఇవతల, స్తంభం పక్కన, కుర్చీల ముందు చిలక బడి సంచీ మీద కూర్చుని ఉంది. రెండు చేతులతో కుర్చీ కాలును గట్టిగా వాటేసుకుంది. ముఖం కందిపోయి ఉంది. అతను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఏదో నచ్చచెబుతున్నాడు.

"అమ్మ వస్తుందన్నావు. షాపు నుంచి నేరుగా వచ్చేస్తుందన్నావు. అమ్మ రాందే నేను లోపలికి రాను. రాను. రానంతే."

తలతిప్పి తల్లిని చూసింది చిలక. ఏడుపు ముఖం కాస్తా ఒక్కసారి కోపంగా మారింది. "ఇంతసేపా? విమానం వెళ్ళిపోతోంది! నీ పెట్టేది?"

తల్లి దగ్గరికి వెళ్ళి కింద కూలబడి పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. పిల్ల జుట్టులో ముఖం దాచుకుంది. "నీ పెట్టేదమ్మా?" అని చిలక మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంది.

అతను లేవలేదు. తన తల్లిని, పోలీసును, ఆమెను వరసగా చూశాడు.

"చాలాసేపటి నుంచి ఇక్కడే ఉన్నాం" అన్నాడు. "ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. రెండుసార్లు ఎత్తుకున్నాను కూడా. నువ్వు వస్తావని చెబితేనే బళ్ళోంచి కదిలింది. అది చెప్పినందుకే ఇక్కడ కదల్లేదు." జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆమె పక్కన నేల మీద పెట్టాడు. అది పాస్‌పోర్టు. అట్ట చెమటకు తడిసి ఉంది.

అత్తయ్య వచ్చి కొడుకు పక్కన కుర్చీలో కూర్చుంది. తిట్టలేదు. ఒక చెయ్యి తీసి అతని భుజం మీద వేసింది. అతను ఆ చెయ్యి కింద ఇంకా కుంగిపోయాడు.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. "పాప మీ పాపే కదమ్మా? ఆయన తండ్రే కదా? ఇంటి గొడవ అంటారా, సర్దుకుంటారా? లేకపోతే జరిగింది రాసుకోమంటారా? మీ ఇష్టం."

అందరూ ఆమె వంకే చూశారు. అత్తయ్య మాత్రం చూపు దించుకుంది. సర్దుకుంటామంటే అంతా ఇక్కడితో అయిపోతుంది. టాక్సీలో నలుగురూ ఇంటికి పోవచ్చు. అతను ఏడుస్తాడు, ఇంకెప్పుడూ చెయ్యనంటాడు. ఆ మాట నిజంగానే అంటాడు, తను నమ్ముతుంది. మళ్ళీ ఒక చలికాలం అతనికి ముద్ద దిగని ఆదివారం ఒకటి వస్తుంది. ఈసారి చిలకకు చెప్పడానికి ఇంకా మంచి అబద్ధం దొరుకుతుంది.

"రాసుకోండి" అంది.

"ఏం రాసుకుంటారు?" అని అడిగింది చిలక.

అత్తయ్య కళ్ళు తుడుచుకుని లేచింది. "నేను కూడా చెబుతానయ్యా. నాకు తెలిసినదంతా చెబుతాను" అంది ఆఫీసరుతో. కొడుకు తలెత్తి తల్లిని చూశాడు. ఆ చూపును ఆవిడ తప్పించుకోలేదు.

కోర్టు శని ఆదివారాలు తీసేసింది. ఇక తండ్రి పిల్లను చూడాలంటే శనివారం పగలు, నాయనమ్మ ఇంట్లోనే, నాయనమ్మ ఎదుటే చూడాలి. హోటలువాళ్ళు ఇంకో మెకానిక్కును పెట్టుకున్నారు. పైపుల బాబాయి ఎవరూ అడగకుండానే సామానంతా తెచ్చి అతని ఇంటి ముందు దింపి, "నాకు నిచ్చెన పెట్టుకోడానికి చోటు లేదన్నా" అని అబద్ధమాడి వెళ్ళాడు.

చిలక చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అడిగినదానికి అవును, కాదు. అమ్మ కూడా రావాల్సింది, నాన్న నిజం చెప్పాల్సింది, ఇద్దరూ తప్పే అన్నట్టు ఇద్దరి మీదా సమానంగా అలిగింది. మాటల కోసం ఆ ఇల్లు మొహంవాచిపోయింది. ఒకనాడు అన్నం తింటూ ఉన్నట్టుండి, "పడవలో బడికి వెళ్ళేవాళ్ళకి వానొస్తే సెలవిస్తారా?" అని అడిగింది. అది తండ్రి చెప్పిన బడి గురించేనని తల్లికి తెలుసు. అయినా, "ఇస్తారేమో. నాకు తెలీదు. శనివారం నాన్ననే అడుగు" అంది.

మొదటి కొన్ని వారాలు ఆమె పిల్లతోపాటు అత్తయ్య ఇంటికి వెళ్ళి, పిల్లను దింపి తిరిగి రాకుండా అక్కడే ఉండిపోయేది. ముందు గదిలో తండ్రీకూతుళ్ళు కలిపితే బొమ్మయ్యే అట్టముక్కలు నేల మీద పరిచి కూర్చుంటే, ఆమె వంటింట్లో అత్తయ్య దగ్గర కూర్చునేది. ముందు గదిలో మాటలు వినిపించినంతసేపూ బాగానే ఉండేది. ఆగితే చాలు, చేతిలో ఉన్నది వదిలేసి లేచేది.

"నేనున్నాగా. కూర్చో" అనేది అత్తయ్య.

ఒక శనివారం అతను మంచినీళ్ళకని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. చిక్కిపోయాడు. గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"ఎన్నాళ్ళిలా కాపలా కాస్తావు?"

ఆమె దాచదలచుకోలేదు. "ఏమో. నాకింకా భయంగానే ఉంది."

"నాకూ" అన్నాడతను.

"నీకేం భయం?"

"ఆరోజు మూడోసారి ఎత్తుకోబోయాను. అప్పుడే నువ్వొచ్చావు." గ్లాసు వంక చూస్తూ అన్నాడు. "నువ్వు రాకపోతే ఏం చేసేవాడినో నాకు తెలీదు. అది ఆలోచిస్తే నాకే వణుకొస్తుంది."

పొయ్యి మీద పాలు పొంగుతుంటే అత్తయ్య మంట తగ్గించింది.

ముందు గదిలోంచి చిలక కేకేసింది. "నాన్నా, ఆకాశం ముక్క కనిపించడం లేదు, నువ్వు కూచున్నావేమో దానిమీద! అమ్మా, నువ్వూ వచ్చి వెతుకు!"

అతను వెళ్ళాడు. ఆమె కాసేపు తటపటాయించింది. తర్వాత కూర్చున్న పీట చేత్తో పట్టుకుని ముందు గదిలోకి నడిచి, వీధి తలుపుకు దగ్గరగా వేసుకుని కూర్చుంది.